ఎడమ భుజం మీద కాఫీ పూలు

కుర్చీ వీపుకు తొడిగి చూడకపోయి ఉంటే ఈపాటికి హాయిగా కాజాలు కుట్టుకుంటూ ఉండేదాన్ని. తొడగమని ఎవరు చెప్పారు? భుజాలు రెండూ సమంగా వాలాయా లేదా అని ఒక్కసారి దూరం నుంచి చూద్దామనిపించింది. నా బుద్ధి ఎప్పుడూ అంతే, అయిపోయిన పనిని ఇంకోసారి దూరం నుంచి చూడాలి. రవికెను కుర్చీకి తొడిగి, నా ఫోనులో నమూనా బొమ్మ తెరిచి దారాల డబ్బాకు ఆనించి, వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. బొమ్మలో అమ్మాయికి పూలు కుడి భుజం మీద ఉన్నాయి. కుర్చీకి ఎడమ భుజం మీద ఉన్నాయి. ముందు నాకే కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుని నా కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాను, ఇది కుడి, అన్నం తినే చెయ్యి. మళ్ళీ చూశాను. మెడ పట్టీ దగ్గర మొదలై, భుజం దాటి, మణికట్టు దాకా దిగే పూల కొమ్మ మొత్తం ఎడమ వైపు ఉంది. వెనక ఏటవాలుగా భుజం మీదికి ఎక్కే గుండీల వరస కూడా ఎడమకే ఎక్కింది. ఎక్కడో ఒక కుట్టు తప్పడం కాదిది, రవికె రవికే తిరగబడింది. ఎల్లుండి పెళ్ళి.

పూవి గాజుల కోసం స్నేహితురాలితో విరాజపేట వెళ్ళింది. రాగానే తొడుక్కుని చూస్తానంది. వాన రాకపోతే ఇంకో గంటలో వచ్చేస్తుంది, వస్తే ఇంకాస్త ఆలస్యం. కొండ మీద మబ్బు పట్టి ఉంది. మార్చి నెలలో ఈ వాన కోసం ఎదురు చూడనివాళ్ళు మా కొడగు వైపు ఉండరు, కానీ వాళ్ళకు కావలసింది తోటల్లో కాఫీ మొగ్గలు విచ్చుకోవడం. నాకు మాత్రం ఆ పిల్ల ఎక్కిన జీపు ఎక్కడో బురదలో కాసేపు దిగబడితే చాలు. పెళ్ళికూతురి జీపు దిగబడాలని కోరుకునే మనిషిని నేనొక్కదాన్నే ఉంటాను. కోరుకుని ఏం చేస్తాను, ఆ కాసేపట్లో? విప్పుతానా? విప్పితే ఏం మిగులుతుంది? ఇది కొట్లో తానులోంచి కోయించిన గుడ్డ కాదు. ముత్తక్కి పెళ్ళిచీర కొసన నేసిన రవికె ముక్క. ముత్తక్కి ఆ రోజుల్లో మఖమల్ రవికె వేసుకుందట, అందుకని ఈ ముక్క కత్తెర పడకుండా చీరతోపాటే ఉండిపోయింది. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు, పండి పగలబోతున్న కాఫీ పండు ఎరుపు. పూవి తల్లి ముత్తక్కి. పూవికి ఆరేళ్ళప్పుడు పోయింది, తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్నను చేసుకుని నేనొచ్చాను. ఎల్లుండి ఆ పిల్ల తల్లి చీర కట్టుకుని మంటపంలో కూర్చుంటుంది, ఆ చీరకు ఉన్నది ఈ ఒక్క ముక్కే, ఆ ముక్కను నేను తిరగేసి కోశాను.

అసలు నేను కుడతానని ఎందుకన్నాను? ఆ రోజు అన్నాలైపోయాక పూవి ఫోను నా ముందు పెట్టింది, ఎవరో పక్కింటివాళ్ళ విషయం చెప్పినట్టు చెప్పింది. బెంగుళూరులో పెద్ద డిజైనరట, ఆవిడ కొట్లో అడిగితే పాత పట్టు మీద తాము చెయ్యం, కొత్త పట్టు అయితేనే చేస్తామన్నారట. అంతే చెప్పింది, ఇంకేమీ అడగలేదు. ఆ పిల్ల ఎప్పుడూ ఏమీ అడగదు. నేను బొమ్మను పెద్దది చేసి చూస్తున్నాను, మెడ మూసి ఉంది, వెనక గుడ్డతో చుట్టిన గుండీలు, ఒక పక్కన పని, రెండో పక్కన ఏమీ లేదు, ఆ ఏమీ లేకపోవడంలోనే అందమంతా ఉంది, గులాబీలు మాత్రం ముతగ్గా ఉన్నాయి, గులాబీలెందుకు, పట్టు పాతదైతే సూది సన్నది వాడాలి, వెనకాల పల్చటి మల్లు గుడ్డ వేస్తే బరువు ఆగుతుంది. ఇలా నా లెక్కలు నడుస్తూండగానే నోరు అనేసింది, నేను కుడతాను అని. పూవి నా వైపు చూసింది. "సరే చిన్నమ్మా" అంది. ఆ సరే ఉందే, పదిహేనేళ్ళుగా వింటున్నాను దాన్ని. పట్టుకు ముఖం ఏదో వెనక ఏదో చేత్తో తడిమి చెప్పగలను కానీ ఆ సరేకు ముఖం ఏదో ఇప్పటికీ చెప్పలేను. సంతోషించి అన్నదా, ఇంట్లో మనిషి అంటోందని కాదనలేక అన్నదా? వేరే కొత్త గుడ్డ కొనుక్కుని బెంగుళూరులోనే కుట్టించుకుందామని ఉంటే ఆ మాట నాతో అనేదా? అత్తయ్యతో అయితే అనేది. అత్తయ్యతో కొట్లాడుతుంది, అలుగుతుంది, "పో అవ్వా, నీకేం తెలీదు" అంటుంది. నాతో సరే.

మొదటి సరే స్కూలు గౌను దగ్గర. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో దాని గౌను అంచు ఊడిపోయి ఉంటే కుడతానని తీసుకున్నాను. కుట్టాక చూస్తే మడతలు సమంగా లేవు. విప్పి మళ్ళీ కుట్టాను, మళ్ళీ ఒక మడత ఎత్తుగా వచ్చింది, మళ్ళీ విప్పాను. అది లోపావడాతో ఒక కాలికి మేజోడు తొడుక్కుని తలుపు పక్కన నిలబడి చూస్తోంది. బయట స్కూలు జీపువాడు హారను కొడుతున్నాడు. చివరికి పాత గౌను వేసుకుని పరిగెత్తింది. పోతూ పోతూ, సాయంత్రానికి బాగు చేసి పెడతానంటే, "సరే" అంది. అప్పటికి చిన్నమ్మా అని కూడా అనేది కాదు. మా ఆయన బెళ్ళియప్ప ఆ రోజు నవ్వి, పిల్లకు గౌను కావాలి కానీ లెక్కల పరీక్ష కాదు కదా దేచూ అన్నారు. ఏం చేయను, నా చెయ్యి అలా తయారైంది. మైసూరులో బి.యస్సీ చదివేటప్పుడు ఆకును అడ్డంగా కోసి, ఆ కోత బొమ్మను ఒక్క గీత తేడా లేకుండా వెయ్యాలి, తేడా వస్తే మేడమ్ కాగితం చించేసేది. బోటనీ పోయింది, గీత మిగిలింది. ఈ గులాబీల బదులు కాఫీ పూలు వేద్దామనుకున్నప్పుడు కూడా పెరట్లో రోజూ నీళ్ళు పడే చెట్టుకు ముందుగా పూసిన కొమ్మ ఒకటి కోసుకొచ్చి పక్కన పెట్టుకున్నాను, రేకులు ఎలా మెలి తిరుగుతాయో, గుత్తి కణుపు దగ్గర ఎలా కూర్చుంటుందో చూసి మరీ వేశాను. తెల్ల పట్టుదారం, మధ్యలో ఆవగింజంత ముత్యాలు. మా కొండవాళ్ళకు ఈ పువ్వు తెలిసినట్టు గులాబీ తెలియదు. గుత్తి గుత్తికీ వెనక ముడి కనబడకుండా దాచాను. ఎంత జాగ్రత్త! ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

ఎందుకంటే నేను పట్టు ముఖం మీద ఏనాడూ సుద్ద గీయను. గీత మరక పడితే పోదు. ఎప్పుడూ గుడ్డ తిరగేసి వెనక వైపు గీస్తాను, కోస్తాను. మామూలు రవికెకు కుడీ ఎడమా ఒక్కటే కాబట్టి ఎటు గీసినా నష్టం లేదు, ఇరవై ఏళ్ళుగా అలాగే గీస్తున్నాను. ఇది ఒంటి పక్క రవికె. కాగితం మీద సరిగ్గానే వేసుకున్నాను, ఆ కాగితాన్ని గుడ్డ వెనక వైపు పరిచి గీశాను, కోశాను, తిప్పాను. తిప్పితే తిరగబడదూ? చంటిపిల్లలకు కూడా తెలుస్తుంది. పోనీ తరవాతైనా తెలియాలి కదా, పూలు కుడుతూ ఎన్నిసార్లు ఒంటికి ఆనించుకుని చూసుకోలేదు? చూసుకున్నాను, బీరువా అద్దంలో. అద్దంలో నా ఎడమ భుజం అద్దానికి ఎడమ పక్కనే కనబడుతుంది, బొమ్మలో ఆ అమ్మాయి కుడి భుజం కూడా ఎడమ పక్కనే కనబడుతుంది. అచ్చు గుద్దినట్టుంది కదా అని మురిసిపోయాను. అద్దం నన్ను మోసం చెయ్యలేదు, ఉన్నది ఉన్నట్టు చూపించింది, నేనే అద్దాన్ని ఫోటో అనుకున్నాను.

ఇప్పుడు మూడు దారులున్నాయి అనుకుంటూ కుర్చీ చుట్టూ తిరిగాను, తిరిగిన కొద్దీ ఒక్కటీ దారిలా లేదు. పూలు విప్పితే పట్టు మీద సూది పోటులన్నీ తేలతాయి, దీపం వెలుగులో జల్లెడలా కనబడుతుంది. డిజైనే ఇంత అని బుకాయించవచ్చు, కానీ బొమ్మ దాని ఫోనులోనూ ఉంది. కొట్లో కొన్న ఎర్ర రవికె ఒకటి బీరువాలో సిద్ధంగా ఉంది, అది వేసుకో అనవచ్చు. అప్పుడది సరే అంటుంది. ఆ సరేను నేను భరించలేను. ఎల్లుండి ఈ గడప దాటిపోయే పిల్ల, వాళ్ళమ్మ గుడ్డను చిన్నమ్మ పాడు చేసిందని నోరు తెరిచి అనదు, ఎప్పటికీ అనదు, పండక్కి వచ్చినప్పుడల్లా అనకుండానే కూర్చుంటుంది, మేం ఇద్దరం కాఫీ తాగుతూ ఆ అనని మాట పక్కన కూర్చుంటాం. ఒక్కసారి అరిస్తే బాగుండును. అరవడానికి కూడా కొంత చనువు కావాలి. హాల్లో ముత్తక్కి ఫోటో ఉంది, మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళాలంటే హాలు దాటాలి, దాహం చంపుకుని కూర్చున్నాను. ఏమ్మా ముత్తక్కీ, నీ కూతుర్ని పెంచాను, పొడవు కొలత తప్పలేదు, చదువు తప్పలేదు, చివర్న కుడీ ఎడమల దగ్గర తప్పాను అని చెప్పాలా?

"దేచూ! ఉన్నావా, మిషను కింద నిద్రపోయావా?"

అత్తయ్య. స్నానం అయినట్టుంది. పెళ్ళింటికి చుట్టాలు రావడం మొదలయ్యాక ఆవిడ రోజుకు రెండు చీరలు మారుస్తోంది, ఎవరు ఏ క్షణాన దిగుతారో అని. వేళ్ళు వంకర్లు పోయాక చీర అంతా తనే కట్టుకుంటుంది కానీ భుజం దగ్గర పిన్ను మాత్రం పెట్టుకోలేదు. అది నా పని. ఉదయం ఒకసారి, ఈ మధ్య మధ్యాహ్నం కూడా. రవికె మీద తువ్వాలు కప్పి వెళ్ళాను. మంచం పక్కన నిలబడి ఉంది, తెల్లజుట్టు తడిగా, కుచ్చెళ్ళు వెనక నడుములో దోపుకుని, మా వాళ్ళ కట్టు కదా, చీర కొస చేత్తో పట్టుకుని నాకు అందిస్తోంది. ఏమిటా మొహం, పెళ్ళి నీ కూతురిదా నీదా, ఆకలేస్తే తినరాదూ అంది. పంది కూర సాయంత్రం దాకా ఆగాలన్నది నువ్వే, నేనైతే ఇందాకే గిన్నె మూత తీసి చూశానని కూడా అంది. నేను వినడం లేదు. వేళ్ళ మధ్య పిన్ను, మనసు కుర్చీ మీద. కొసను అందుకున్నాను, వెనక నుంచి భుజం మీదికి లాగాను, ముందున్న చీరకు కలిపి మడిచాను, పిన్ను గుచ్చబోయాను. నా చెయ్యి ఆగిపోయింది.

చెయ్యి కుడి భుజం మీద ఉంది. అత్తయ్య కుడి భుజం మీద. ఎడమ భుజం నా కళ్ళ ముందు ఖాళీగా ఉంది, మెడ నుంచి మణికట్టు దాకా రవికె తప్ప అడ్డం ఏమీ లేదు. చీర ఎడమ చంక కింద నుంచే రొమ్ము మీదుగా అడ్డంగా చుట్టుకుంది, కొస మాత్రం వెనక నుంచి వచ్చి కుడి భుజాన్ని కప్పి కూర్చుంది. మా కట్టు ఇదే. ఎల్లుండి పూవి కట్టుకునేదీ ఇదే. ఫోనులో అమ్మాయి దేశమంతా కట్టుకునే కట్టులో ఉంది, ఆమెకు చెంగు ఎడమ భుజం మీద, కాబట్టి పూలు కుడికి. నేనూ ఇంట్లో అలాగే కట్టుకుంటాను, నాన్న మిలిటరీ, చిన్నప్పుడు అంబాలా, పూనా, సికింద్రాబాదు అని తిరిగినదాన్ని, పెళ్ళిళ్ళకు మాత్రమే కొడగుకు వచ్చేవాళ్ళం, వచ్చినప్పుడు ఏ పెద్దమ్మో నన్ను గుంజకు తాడు చుట్టినట్టు చుట్టి, ఊపిరి బిగించవే అని ఒకచోట పిన్ను గుచ్చి వదిలేది. నా పెళ్ళికీ అంతే. ఎక్కడ గుచ్చిందో నేను చూసుకోలేదు. ఈ ఇంట్లో పదిహేనేళ్ళుగా రోజూ ఇదే భుజం మీద నేనే గుచ్చుతున్నాను, వేళ్ళకు తెలుసు, నాకు తెలియదు. సరిగ్గా కోసి ఉంటే? బొమ్మలో ఉన్నది ఉన్నట్టు కుడివైపు వేసి ఉంటే, ఇన్ని గుత్తులు, ఇన్ని ముత్యాలు, మొత్తం చీర కొస కిందికి పోయేవి, పిన్ను పోయి పోయి పువ్వు మధ్యలో దిగేది. పెళ్ళిలో జనానికి కనబడేది ఒట్టి ఎర్ర భుజం. మంచం మీద కూలబడ్డాను. నవ్వు వచ్చింది, ఆపుకుందామంటే కళ్ళలోంచి వచ్చింది.

"పిన్ను పెట్టి ఏడువు" అంది అత్తయ్య. "సగం చీరతో నన్ను నిలబెట్టి ఏమిటిది? ఎవరైనా వస్తే ముసలిదానికి పెళ్ళి చేస్తున్నారనుకుంటారు."

లేచి పిన్ను పెట్టాను. మామూలుగా కంటే నింపాదిగా పెట్టాను, మడత సరిచేసి, ఆ భుజాన్ని ఒకసారి నిమిరాను కూడా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, వంటిల్లు ఎటుందో జ్ఞాపకముందా అని అడిగింది. అప్పుడే చినుకు మొదలైంది, రేకుల మీద ముందు విడివిడిగా, తరవాత దడదడమని. ఇంకేం, ఇప్పుడు రానీ, తోటలన్నీ పూయనీ, జీపు మాత్రం ఎక్కడా దిగబడకూడదు.

దిగబడలేదు. మిగిలిన కాజాలు నేను కుట్టేసరికి పూవి తల తడుపుకుని, చేతి నిండా గాజుల అట్టపెట్టెలతో వచ్చింది. తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూనే, "అయిందా చిన్నమ్మా?" అంది. అయిందన్నాను. గదిలోకి తీసుకుపోయి తొడిగాను. వెనక గుండీలు ఒక్కొక్కటే పెడుతున్నాను, దాని వీపు నా వేళ్ళకు చల్లగా తగులుతోంది, చంక దగ్గర పట్టలేదు, భుజం జారలేదు, చెయ్యి మణికట్టు దగ్గర ముడతలు లేకుండా ఆగింది. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పూవి అద్దం వైపు తిరగలేదు. తల వంచి తన ఎడమ భుజాన్నే చూసుకుంటోంది. చెప్పాలి, ఇప్పుడు నేనే ముందు చెప్పాలి అనుకుంటున్నాను, కట్టును బట్టి ఆలోచించి ఇటు వేశానని చెప్పవచ్చు, ఎంతో గొప్పగా ఉంటుంది, ఎవరికీ ఎప్పటికీ తెలియదు, నాలిక చివర దాకా వచ్చింది కూడా.

"మీరు ఎప్పుడు మార్చారు?" అంది పూవి.

ఏమిటన్నాను.

"ఇటువైపుకి. మొదట్లో బొమ్మలో ఉన్నట్టే వేస్తున్నారనుకున్నాను. నాపోక్లులో శిల్పా పెళ్ళికి చీర కట్టడానికి వెళ్ళాను కదా, దానికి పిన్ను పెడుతుంటే తెలిసింది నాకు. మన కట్టులో ఆ భుజం కనబడదు. మీ పూలన్నీ కిందికి పోతాయి."

శిల్పా పెళ్ళి పోయిన నెలలో. అప్పటికి నేను మోచేతి దాకా వచ్చాను. అంటే ఇన్నాళ్ళూ ఈ పిల్లకు తెలుసు. నేను కిటికీ పక్కన కూర్చుని ముత్యాలు గుచ్చుతుంటే కాఫీ తెచ్చి పెట్టి, బాగుంది చిన్నమ్మా అని పోయేది. మరి చెప్పలేదేం అన్నాను.

"చెబితే విప్పేవారు" అంది. "నాకు తెలీదా మీ సంగతి? మొత్తం విప్పేవారు. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టేవారు, తిండి మానేసేవారు. అమ్మ గుడ్డ చిల్లులు పడేది, మీ కళ్ళు పోయేవి. కనబడకపోతే కనబడకపోయింది, కింద ఉన్నాయని నాకు తెలుసు కదా అనుకున్నాను. అలాగే వేసుకుందామనుకున్నాను."

వాన చప్పుడులో ఆ మాట ఎంత మెల్లగా అందో, అయినా ఒక్క అక్షరం పోలేదు. పదిహేనేళ్ళుగా నేను ఆ పిల్ల మాటకు ముఖం ఏదో వెతుకుతున్నాననుకున్నాను, అది నన్ను ఎప్పుడో విప్పి చూసి, మళ్ళీ మడతపెట్టి పెట్టుకుంది. ఇక గొప్పలు ఎవరికి కావాలి?

"నేనేమీ మార్చలేదు పూవీ" అన్నాను. "తప్పు కోశాను. గుడ్డ తిరగేసి గీసి కోసేశాను. ఇందాక కుర్చీకి తొడిగేదాకా నాకూ తెలియదు. మీ అవ్వకు పిన్ను పెడుతుంటే ప్రాణం లేచి వచ్చింది."

పూవి నన్ను చూసింది. నోరు కొంచెం తెరిచి అలాగే చూసింది. "మీరా? తప్పు కోశారా?" అంది, ఊళ్ళో ఏదో వింత జరిగిందని విన్నట్టు. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. చిన్నగా మొదలై, మంచం పట్టీ పట్టుకుని వంగిపోయేంత నవ్వు, ముత్యాలు భుజం మీద అదురుతున్నాయి. "అవ్వా, విన్నావా? చిన్నమ్మ తప్పు కోసింది. స్కూలు గౌను మడతలు కొలబద్దతో కొలిచిన చిన్నమ్మ." అత్తయ్య, ఇందులో అంత నవ్వేందుకు ఏముందో తనకు తెలియడం లేదని, తన పెళ్ళికి దర్జీ రెండు చేతులూ కుడిచేతులే కుట్టి పంపాడని, మూడు రోజులు ఎడమచెయ్యి మడవకుండా తిరిగానని, దానికి మీ తాత కాపురానికి రావద్దన్నాడా అని అడిగింది. ఆకలేస్తోంది, మీ ఇద్దరి నవ్వులూ తిని నేను బతకలేనంది.

పూవికీ ఆకలేసింది. గాజుల కొట్లో నిలబడి నిలబడి ఉదయం నుంచి ఏమీ తినలేదట. రవికె విప్పుదామని నేను వెనక గుండీలకు చెయ్యి చాచాను, అది అప్పటికే వంటింట్లో ఉంది. హాలు దాటి నేనూ వెళ్ళాను. బియ్యపు ఉండలు వెన్నలా మెత్తగా ఉన్నాయి, పులుసు పోసి నల్లగా మరిగించిన పంది కూర మూత తియ్యగానే మిరియాల ఘాటు కమ్మింది. తల్లి గుడ్డ, మళ్ళీ దొరకని గుడ్డ, ఒక్క చుక్క పడితే అంతే. పూవి పీట లాక్కుని, ఎర్రపట్టు చేతిని కొంచెం పైకి లాగి, పళ్ళెం ముందుకు తోసింది. "ముక్కలు ఎక్కువ వెయ్యండి చిన్నమ్మా, కొవ్వుది వద్దు" అంది. నేను గరిటె నిండా తీసి వేశాను. వేడిగా ఉంది, మెల్లగా తిను అన్నాను.